సగటు పన్నెండు నిమిషాలు

ఒకే గదిలో కూర్చున్న ఐదు తరగతులకు ఒక్క టీచరు రోజంతా పాఠం ఎలా చెప్పాలో నేను లెక్క కట్టి ఇచ్చాను. ఆ లెక్కలో తప్పు లేదు. కావాలంటే ఇప్పుడైనా కూడి చూసుకోండి, సరిపోతుంది. ఆ లెక్క వల్ల ఒకామె ఏడాది చదువు కొట్టుకుపోయే దాకా వచ్చిందన్నది వేరే సంగతి. టీచర్లు కాబోయే మీకు ఆ వేరే సంగతే చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను టీచర్ని కాను. హైదరాబాద్ శాలిబండలో కింద బీరువాలు తయారుచేసే వర్క్‌షాపు, పైన రెండంతస్తుల్లో టీచర్ ట్రైనింగ్ కాలేజీ ఉన్న ఒక పాత భవనంలో ఇరవై మూడేళ్లు గుమాస్తాగా పనిచేశాను. కాలేజీ మూతపడ్డాక యాభై రెండేళ్లకే ఇంట్లో కూర్చున్నాను. నేను దాన్ని రిటైర్మెంటు అంటాను. మా ఆవిడ ఇంకో మాట అంటుంది. మా నాన్న కోస్తా నుంచి ప్రభుత్వ ఉద్యోగం మీద వచ్చి ఉప్పుగూడలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు, మేం అక్కడే ఉండిపోయాం. నా చదువు ఇంటర్ దగ్గర ఆగింది. లెక్కలు మాత్రం ఎవరూ చెప్పకుండా నాకు నేనే నేర్చుకున్నాను. అందుకని వాటి మీద నాకు కాస్త ప్రేమ ఎక్కువ, అనుమానం తక్కువ. మెట్లు ఎక్కితే లెక్కపెడతాను. కాలేజీకి ముప్పై ఎనిమిది మెట్లు. అందులో పంతొమ్మిదోది కదిలేది.

మా దగ్గర చదివేవాళ్లు దాదాపు అందరూ పాతబస్తీ వాళ్లే. బడి అంటే వాళ్లకు తెలిసింది గదికొక తరగతి, తరగతికొక టీచరు, గోడ అవతల ఇంకో బడి. అలాంటి వాళ్లను చదువు ఆఖర్లో నలభై రోజులు మారుమూల ఊళ్లలోని ఏకోపాధ్యాయ బడులకు పంపాలి. ఐదు తరగతులూ ఒకే గదిలో ఉంటాయి, టీచరు ఒక్కరే. నలభై రోజుల చివర్లో జిల్లా నుంచి ఒక పరిశీలకులు వచ్చి ఒక రోజంతా కూర్చుని చూస్తారు. వాళ్లు సరే అంటే సర్టిఫికెట్. కాదంటే మళ్లీ ఏడాది.

ఒకరోజు మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు. "మీరు లెక్కల మనిషి కదండీ. ఒక మనిషిని ఐదు తరగతులకు పంచాలి. ఏదైనా టైంటేబుల్ వేసి పెట్టండి" అన్నారు.

నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో. ప్రార్థన, భోజనం, ఆటలు పోను బడి ఐదు గంటలు. అంటే మూడు వందల నిమిషాలు. ఐదు తరగతులకు పంచితే తరగతికి అరవై. ఒకే తరగతి దగ్గర గంటసేపు కూర్చుంటే మిగతా నాలుగు తరగతులు పైకప్పు ఎక్కుతాయి. కాబట్టి ఆ అరవైని ఐదు ముక్కలు చేశాను. పన్నెండు నిమిషాలకొకసారి టీచరు ఒక తరగతి దగ్గర లేచి ఇంకో తరగతి దగ్గరకు వెళ్లాలి. గంటలో ఒక చుట్టు పూర్తవుతుంది. రోజుకు ఐదు చుట్లు, ఇరవై ఐదు ముక్కలు, ముక్కకు పన్నెండు నిమిషాలు. శేషం సున్నా. శేషం సున్నా వచ్చిన లెక్కను చూస్తే నాకు ఇప్పటికీ దేవుడి పటం చూసినట్టుంటుంది.

ప్రిన్సిపాల్ దాన్ని చార్టు మీద రంగులతో రాయించారు. ఇక సాధన మొదలైంది. రోజూ భోజనాలకు ముందు, జొహర్ అజాన్‌కు, అంటే మధ్యాహ్నం నమాజు పిలుపుకు, సరిగ్గా గంట ముందు మొదలుపెట్టి, అజాన్ వినబడగానే ఆపేసేవాళ్లం. అంటే ఒక చుట్టు. హాల్లో ముప్పై మంది నేలమీద ఐదు వరుసల్లో కూర్చునేవారు. వాళ్లే పిల్లలు. రోజుకొకరు టీచరు. పల్లెటూరి బడిలో గంట కొట్టే మనిషి ఉండడు కనుక గంట వద్దన్నాను. ఫోన్లు వద్దన్నాను. చేతి గడియారం చూసుకుంటూ చెప్పేది పాఠం కాదని ప్రిన్సిపాల్ అన్నారు కనుక గడియారాలు కూడా తీయించాను. పన్నెండు నిమిషాలు ఒంటికి పట్టాలి అన్నది నా సిద్ధాంతం. నేను మాత్రం మూలన స్టాప్‌వాచీతో కూర్చునేవాణ్ణి.

ఆ నాటకం చూసి తీరవలసింది. గడ్డం పెంచిన ఇరవై ఆరేళ్ల మనిషి ఒకటో తరగతిలో కూర్చుని చిటికెనవేలు చూపిస్తూ "మేడం, ఒకటికీ!" అని ఏడ్చేవాడు. రెండో తరగతిలో ఇద్దరు పెళ్లయిన ఆడవాళ్లు బలపం కోసం నిజంగానే జుట్లు పట్టుకున్నారు. మా అటెండర్‌ను అందరూ చాచా అనేవాళ్లు. గంట కొట్టే పని పోయాక ఆయనకు తోచక, ఊరి పెద్దమనిషి వేషం వేసుకుని మధ్యలో వచ్చేవాడు.

జహనుమా బస్తీ నుంచి వచ్చే ఒకామె పాఠం చెబుతున్న రోజు చాచా ముడిచిన గొడుగును మేకలా ఈడ్చుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఓ మేడం, నా మేకను కూడ బడిల ఏసుకుంటవా? ఇంటికాడ ఒక్కతే లొల్లి చేస్తున్నది."

ఆమె వెనక్కి తిరగకుండానే, "ఏసుకుంట తాతా. ఆధార్ కార్డు తెచ్చినవా దానిది? ఫోటోల గడ్డం కనబడాలె" అంది, మూడో తరగతి వాళ్ల ఎక్కం ఆపకుండా.

ఆమె గురించి చెప్పాలి. ముప్పై దాటాయి. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు, రెండూ ఒకే వేగంతో వచ్చేవి. భర్త షేర్ ఆటో నడుపుతాడు. ఇద్దరు పిల్లలు. పదేళ్లు ఇంట్లో చీరల మీద జరీపని చేసి, ఆ తరవాత చదువుతానని పట్టుబట్టింది. పిల్లల్ని అత్తగారు చూసుకుంటానన్నారు, ఆఖరి సంవత్సరం వరకే. "మా సాస్ ఈ ఒక్క సాలే ఇచ్చింది సార్. మల్లొక సాల్ అడిగితే ఇయ్యదు. ఆమె మాట మీ లెక్క తీరే, శేషం ఉండదు" అని ఒకసారి నాతోనే అంది. నవ్వుతూనే అంది కాని, నేను దాన్ని సమాచారంగానే రాసుకున్నాను.

సాధనలో ఆమెను మించినవాళ్లు లేరు. గడియారం లేకుండా, గంట లేకుండా, చటుక్కున లేచి పక్క తరగతికి వెళ్లేది. నిజానికి అందరూ అంతే. నేను రోజూ ఐదు ముక్కల సమయాలూ నోటుబుక్కులో రాసి సగటు తీసేవాణ్ణి. ఒక రోజు తొమ్మిది, పదిహేను, పదకొండు, పదమూడు, పన్నెండు. కూడితే అరవై. ఐదుతో భాగిస్తే సగటు పన్నెండు! మర్నాడు ఎనిమిది, పదహారు, పదకొండు, పద్నాలుగు, పదకొండు. సగటు పన్నెండు! ముప్పై రోజులు తీశాను. ఒక్కరోజు కూడా పన్నెండు తప్పలేదు. ప్రిన్సిపాల్‌కు చూపిస్తే ఆయన కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. "ఎక్సలెంట్ అండీ! మనుషుల్ని గడియారాలు చేసేశారు!"

ఈ ముక్క చదివి మీలో కొందరు అప్పుడే నవ్వుతూ ఉండవచ్చు. నవ్వండి. నాకు అందులో నవ్వవలసింది ఏముందో తెలియడానికి రెండు నెలలు పట్టింది.

ఊళ్లు పంచే పని కూడా నాదే. అందరికన్నా దూరం, అడవి అంచున ఉన్న ఊరు ఒకటుంది. బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది, పొద్దున పదింటికి, మధ్యాహ్నం మూడింటికి. అక్కడికి మన గట్టి మనిషిని పంపాలని జహనుమా ఆమెను వేశాను. నా లెక్కకు అంతకంటే మంచి ప్రచారం ఉండదనుకున్నాను. ఆమె చార్టు నకలు ఒకటి చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వెళ్లింది.

వారం తరవాత ఫోన్ చేసింది.

"సార్, నీళ్ల ట్యాంకు మీదికెళ్లి మాట్లాడుతున్న. కింద సిగ్నల్ లేదు. ఇక్కడి సార్ గూడ హాజరు పంపనీకి రోజు ఇదే ఎక్కుతడు. సార్, ఇక్కడ పన్నెండు నిమిషాలు అయితలేవు."

"అవ్వకపోవడమేంటమ్మా? నిమిషాలు ఎక్కడైనా అవుతాయి కదా."

"గదే సమజైతలేదు సార్. నిన్న ఒకటో తరగతోళ్లకు అక్షరాలు దిద్దిపిచ్చుకుంట కూసున్న. తలకాయ లేపి చూస్తె అన్నం టైమ్ అయింది. నాలుగో తరగతోళ్లు లెక్కలు చేసిన్రు, తుడిచిన్రు, మల్ల చేసిన్రు, ఆఖర్కి పండుకున్నరు. ఇయ్యాల్నేమో ఐదుకు రెండు నిమిషాలల్లనే లేచి ఉరికిన. మస్తు పరేషాన్ ఉన్నది సార్."

రూలు నాదే కనుక నేనే సడలించాను. "గడియారం పెట్టుకోమ్మా. అప్పుడప్పుడూ చూసుకో."

మూడు రోజులకు మళ్లీ ట్యాంకు ఎక్కింది.

"గడియారం పెట్టుకున్న సార్. ఒక్కపారే చూసిన. ఎనకనుంచి ఒక పిల్ల 'పోతున్నవా మేడం?' అన్నది."

"ఎక్కడికి?"

"నేను గూడ గదే అడిగిన. ఇక్కడ గడియారం చూసేటోళ్లు మూడు గంటల బస్సుకు పోయేటోళ్లే నంట సార్. ముందుగాల వచ్చినోళ్లందరు గట్ల చూసుకుంట చూసుకుంటనే పోయిన్రంట. నేను చూసిన ముచ్చట పొద్దుమూకెవరకు ఊరంత తెలిసింది. అమ్మలొచ్చి 'నువ్వు గూడ పోతవా బిడ్డా?' అంటున్నరు. తెల్లారి నలుగురు పిల్లలు బడికే రాలే. పోయే మేడం కాడికి ఎందుకు రావాలె అని."

ఫోన్‌ను పన్నెండు నిమిషాలకొకసారి వణికేలా పెట్టి బల్ల మీద ఉంచమన్నాను. అది ఇనుప బల్ల అని నాకు తెలియదు. మొదటిసారి వణికినప్పుడు బల్ల మొత్తం గుర్రుమందట. ఐదు తరగతులూ ఒక్కసారిగా లేచి వచ్చి ఫోన్ చుట్టూ నిలబడి, "ఎవలు మేడం? మీ అత్తనా?" అని అడిగారట.

"సార్," అంది ఈసారి, నవ్వు లేకుండా, "పరిశీలన ఇంక పద్దెనిమిది రోజులే ఉన్నది. గిట్లనే ఉంటె నేను ఫేలైత. మా సాస్‌కు నేనేం చెప్పాలె?"

 ఈ గుమాస్తా గుర్తుకొచ్చినప్పుడు మీరు ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆమె ఫోన్ పెట్టేశాక నేను చేసింది, నోటుబుక్కు తీసి ముప్పై సగటులూ మళ్లీ తీయడం. అన్నీ పన్నెండే వచ్చాయి.

చాచా టీ తెచ్చి బల్ల మీద పెట్టి, పోకుండా నిలబడ్డాడు.

"సాబ్, గుస్సా గాకుంటె ఒక మాట. ఆ పిల్లలు మీ లెక్కకు లేస్తలేకుండె."

"మరి?"

"ఫస్ట్ ఉల్లిగడ్డల ఆటో వస్తుండె గదా, మైకు పెట్టుకొని. దానికి లేస్తుండె. తర్వాత పాతసామాన్ల రద్దీవాలా బండి. దాని తర్వాత పక్క బడి వ్యాను హారన్. అటెన్క కింద వర్క్‌షాపోళ్లు చాయ్ తాగి కంప్రెసర్ షురు చేస్తరు, భవనం మొత్తం దడదడ అంటది. ఆఖరుకు అజాన్. నేను గంట కొట్టుడు బంద్ చేసినంక ఖాళీగ కూసొని రోజు చూసిన. వాళ్లకు గూడ తెల్వది. నేను నవ్వుకుంటుంటి."

"నాకెందుకు చెప్పలేదు చాచా?"

"మీరు మస్తు ఖుష్ ఉంటిరి సాబ్."

నమ్మలేదు. మర్నాడు మధ్యాహ్నం ఖాళీ హాల్లో, అదే మూలన, అదే స్టాప్‌వాచీతో ఒక్కణ్ణీ కూర్చున్నాను. చెవులు మూసుకుందామా అనుకుంటూ ఉండగానే కింద వీధిలో మైకు "ఉల్లిగడ్డా, ఎల్లిగడ్డా" అంది. నా బొటనవేలు దానంతటదే వాచీ నొక్కింది. చూస్తే తొమ్మిది నిమిషాలు. ఇంక తక్కినవి వినకుండానే లేచిపోయాను. పాతబస్తీ మొత్తం మాకు ఊరికే గంట కొట్టి పెట్టింది. మేము ఆ గంటను ఇక్కడే వదిలేసి, ఆకు రాలితే వినబడే ఊరికి మనుషుల్ని పంపాం.

ఆమెకు ఫోన్ చేసి, ఆమె ట్యాంకు ఎక్కే వేళకు దొరకబుచ్చుకుని, ఉన్నదున్నట్టు చెప్పాను.  అవతల నవ్వు. ఆపకుండా నవ్వు.

"జాగ్రత్తమ్మా, ట్యాంకు మీద ఉన్నావు."

"రద్దీవాలానా సార్? యా అల్లా! నేను మీ లెక్క నా ఒంటికి పట్టిందని మా ఇంట్ల గూడ చెప్పిన!" ఊపిరి తీసుకుంది. "సార్, మీరు ఫికర్ చెయ్యకుండ్రి. నాకు సమజైంది."

"ఏం సమజైంది?"

సిగ్నల్ పోయింది. ఆ తరవాత పదిహేను రోజులు ఆమె ఫోన్ చేయలేదు. నేను రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అది నాకు వచ్చిన పనే.

పరిశీలన రోజు కాలేజీ తరఫున ఎవరో ఒకరు ఉండాలి. లెక్చరర్లంతా తలా ఒక ఊరికి వెళ్లారు. "మీరే వెళ్లండి. ఆ నోటుబుక్కు తీసుకెళ్లండి, పనికొస్తుంది" అన్నారు ప్రిన్సిపాల్. ముందురోజే ఇమ్లీబన్ బస్టాండులో బస్సెక్కి, మండలంలో పడుకుని, పొద్దున పదింటి బస్సుకు ఊళ్లో దిగాను. పరిశీలకురాలు కూడా అదే బస్సు దిగారు. హెడ్‌మిస్ట్రెస్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన పెద్దావిడ. తెల్లచీర, నల్ల చేతిసంచి, సన్నటి చేతి గడియారం. చేతిలో పరిశీలన ఫారం. అందులో పది గళ్లు, గడికి పది మార్కులు. ఏ గడిలోనూ అయిదుకు తగ్గకూడదు. ఏడో గడి పేరు సమయపాలన.

బడి ఒకే గది. అక్కడి సారు ఆ రోజుకు గది ఆమెకు వదిలి బయట అరుగు మీద కూర్చున్నారు. గోడకు నా చార్టు ఉంది, రంగులు వెలవకుండా. గడియారం లేదు. జహనుమా ఆమె చేతికీ లేదు. పిల్లలు ఐదు గుంపులుగా కూర్చున్నారు. బడి మానేసిన నలుగురూ తిరిగి వచ్చారో లేదో అడుగుదామనుకుని, అడగలేక, తలలు లెక్కపెట్టి హాజరుపట్టీతో సరిచూసుకున్నాను. వచ్చారు.

పరిశీలకురాలు చార్టు చూశారు. తన గడియారం చూసుకున్నారు. చార్టు ప్రకారం టీచరు ఆ సమయానికి నాలుగో తరగతి దగ్గర ఉండాలి. ఆమె ఒకటో తరగతి మధ్యలో నేల మీద కూర్చుని, ఒక బుడ్డోడి చేయి పట్టుకుని దిద్దిస్తోంది. పెద్దావిడ ఏదో రాసుకున్నారు. నేను సంచిలోంచి నోటుబుక్కు తీసి చేతిలో పెట్టుకున్నాను.

అప్పుడు మూడో తరగతిలోంచి ఒక బక్క పిల్లవాడు లేచి, ముక్కులోంచి, మైకులో వచ్చినట్టే అరిచాడు. "లోహా! రద్దీ! ప్లాస్టిక్! పురానా కూలర్!"

ఆ ఊళ్లో కూలర్ ఎవరూ చూసి ఉండరు. జహనుమా ఆమె "ఆయీ, ఆయీ" అంటూ ఒకటో తరగతి దగ్గర నుంచి లేచి మూడో తరగతి దగ్గరకు వెళ్లి కూర్చుంది. మిగతా పిల్లలెవరూ తల కూడా ఎత్తలేదు. కాసేపటికి రెండో తరగతి నుంచి "ఉల్లిగడ్డా! ఎల్లిగడ్డా!" ఆమె అటు వెళ్లింది. ఒకటో తరగతి నుంచి ముగ్గురు కలిసి "పీచుమిఠాయ్!" ఆ తరవాత ఐదో తరగతిలో ఇద్దరు పెద్దపిల్లలు, పాతబస్తీలో షేర్ ఆటో పక్కన నిలబడి అరిచినట్టే, "ఇంజన్‌బౌలీ, ఫలక్‌నుమా! ఏక్ సవారీ! ఏక్ సవారీ!"

అది ఆమె భర్త అరుపు అయి ఉంటుందని నాకు అప్పుడే అనిపించింది.

పరిశీలకురాలు నా వైపు ఒరిగి, మెల్లగా అడిగారు. "ఏందండీ ఇది? మీ కాలేజీలో ఇదే నేర్పుతరా?"

నేను భయపడ్డాను. భయపడితే నేను అంకెల్లోకి వెళ్తాను. "లేదు మేడం, ఈమెతో సహా మావాళ్లందరికీ సమయం మీద చాలా పట్టు. కావాలంటే చూడండి" అని నోటుబుక్కు తెరిచి పెట్టాను. "ముప్పై రోజుల రికార్డు. ప్రతిరోజూ సగటు పన్నెండు. ఒక్కరోజు తప్పలేదు."

ఆవిడ ఒక పేజీ చూశారు. ఇంకో పేజీ తిప్పారు. కళ్లద్దాలు సర్దుకుని అడిగారు.

"రోజూ ఎంతసేపు చేయించిన్రు?"

"సరిగ్గా గంట మేడం."

"ఎన్ని ముక్కలు?"

"ఐదు."

"అరవై నిమిషాలను ఐదు ముక్కలు ఎట్ల కోసినా సగటు పన్నెండు కాక ఇంకెంత రావాలండీ?"

 మనసులో ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి, యాభై ఆరు అని వేసి చూశాను. కూడితే అరవై. సగటు పన్నెండు. ఇరవై మూడేళ్లు నేను లెక్కపెట్టినవాటిలో కదిలేది ఆ పంతొమ్మిదో మెట్టు ఒక్కటే అనుకున్నాను. ఆమెను కాపాడడానికి తెచ్చిన ఒకే ఒక్క సాక్ష్యం, తెచ్చినవాడి మీదే సాక్ష్యం చెప్పింది.

పెద్దావిడ నోటుబుక్కు మూసి, మర్యాదగా నా ఒళ్లో పెట్టి, లేచి ఒకటో తరగతి దగ్గరకు వెళ్లి వంగారు.

"నువ్వెందుకు అరిచినవ్ రా?"

బుడ్డోడు పలక ఎత్తి చూపించాడు. "రాసుడు అయిపాయె. అయిపోతె అరవాలె. మేడమొస్తది."

"అయిపోకుంటే?"

"అరిస్తె ఉత్తగ పిలిచినట్టు. ఉత్తగ పిలిస్తె మా బండి పంక్చర్. అన్నం దాకా అరవొద్దు."

ఆవిడ ఐదో తరగతి వైపు చూశారు. సరిగ్గా అప్పుడే రెండో తరగతి, నాలుగో తరగతి ఒకేసారి అరిచాయి. నాలుగో తరగతిది కత్తులకు సాన పట్టేవాడి కేక. జహనుమా ఆమె రెండు చేతులూ చాచి నిలబడింది. ఐదో తరగతి పిల్ల ఒకతె లేచి, "ఓ ఉల్లిగడ్డా, నీ బండి ఆపు. నేనొస్తున్న, నాకు చూపియ్యి" అంటూ రెండో తరగతి పలకలు దిద్దడానికి వెళ్లింది.

భోజనం గంట ఎవరూ కొట్టలేదు. వంటామె వచ్చి గుమ్మం దగ్గర గిన్నె మీద గరిటెతో కొట్టింది. పిల్లలు చేతులు కడుక్కోవడానికి పరిగెత్తాక, జహనుమా ఆమె నా పక్కకు వచ్చి గుసగుసగా చెప్పింది.

"సార్, అన్ని బండ్లు తెచ్చిన, అజాన్ ఒక్కటి తేలే. అది ఆటకు వద్దనుకున్న. దాని జాగల గరిటె పెట్టిన." తరవాత పెద్దావిడ వైపు చూసి, "ఆమె ఏం రాస్తున్నది? మొకం చూస్తె ఏం సమజైతలేదు" అంది. గొంతు ఎండిపోయి ఉంది. పొద్దుటి నుంచి ఆమె మంచినీళ్లు తాగలేదని నాకు అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం బడి మళ్లీ మొదలైంది. కేకలు, పలకలు, కేకలు. రెండూ నలభై ప్రాంతంలో పరిశీలకురాలు, అలవాటుగా, ఏ ఉద్దేశమూ లేకుండా, చేయి తిప్పి గడియారం చూసుకున్నారు.

వెనక వరుసలోంచి ఒక పిల్ల గొంతు. "పోతున్నవా మేడం?"

 ఐదు తరగతులూ ఆవిడ వైపే చూస్తున్నాయి. జహనుమా ఆమె చాక్‌పీసు పట్టుకున్న చేయి గాలిలోనే ఉంది. ఆవిడ పిల్లల్ని చూశారు, వాళ్లు తన చేతి వైపే చూస్తున్న తీరు చూశారు, తరవాత గోడకు గడియారం లేని చోటు చూశారు. ఏమనుకున్నారో నాకు తెలియదు. గడియారం విప్పి చేతిసంచిలో వేసి జిప్పు లాగారు.

"లేదు బిడ్డా. ఉత్తగ చూసిన."

"ఉత్తగ చూస్తె పంక్చర్ మేడం" అన్నాడు ఒకటో తరగతి బుడ్డోడు.

మూడింటికి ఊరి చివర బస్సు హారన్ కొట్టింది. రెండుసార్లు కొట్టింది. నేను లేవబోయి ఆవిడ కదలకపోవడం చూసి కూర్చుండిపోయాను. హారన్ దూరమైంది. మూడో తరగతి బక్క పిల్లవాడు "బస్సు పోయింది" అని ఎంతో తృప్తిగా ప్రకటించి, పలక మీదకు వంగాడు.

పొద్దు వాలాక పత్తి బస్తాల ట్రాలీ ఆటోలో, బస్తాల మీద కూర్చుని మండలానికి వచ్చాం. ఆవిడ ఫారం కవరులో పెట్టి అంటించి నాకిచ్చారు. ఏం రాశారో అడిగే ధైర్యం లేదు. దారిలో ఆవిడే అన్నారు. "ఆ సగటు గురించి బాధపడకుండ్రి. నేను ముప్పై ఏండ్లు హాజరు సగటు తీసి పైకి పంపిన. ఎవరొచ్చి ఎవరు పోయిన్రో అందులో ఎన్నడు తెల్వలే."

మర్నాడు ఆఫీసులో ప్రిన్సిపాల్ ముందు కవరు చించాను. మార్కులు కూడి మొత్తం వేయడం నా పని. మొదటి గడి ఎనిమిది. రెండోది తొమ్మిది. వేలు పెట్టి కిందికి దిగుతూ వచ్చి ఏడో గడి దగ్గర ఆగాను. సమయపాలన. అందులో అంకె లేదు. ఆ చిన్న గడిలో పట్టేటట్టు ఇరికించి ఒక వాక్యం రాసి ఉంది. "పరిశీలకురాలికి బస్సు తప్పినది."

మిగతా తొమ్మిదిట్లో ఆమె పాస్. కాని అంకె లేని గడి ఉంటే ఫారం చెల్లదు. ఫారం చెల్లకపోతే మళ్లీ ఏడాది. ఆ ఏడాది జహనుమాలో అత్తగారి దగ్గర లేదు. నేనే పెద్దావిడకు ఫోన్ చేశాను.

"మేడం, ఏడో గడిలో అంకె వేయడం మరిచారు."

"మరువలే. నేను రాసింది చదివిన్రా?"

"చదివాను మేడం."

"లెక్కల మనిషి కదా, అంకె మీరే వెయ్యుండ్రి. నేనొచ్చి సంతకం పెడత."

ఆవిడ ఆ వారంలోనే వచ్చి, ముప్పై ఎనిమిది మెట్లూ ఎక్కి, పెట్టారు కూడా.

ఆమె ఇప్పుడు ఏ ఊళ్లో టీచరో రాయను. ఆ ఏడాది తరవాత మా కాలేజీలో నా చార్టు వెనక్కి తిప్పి గోడకు కొట్టారు. మరుసటి బ్యాచి సాధన హాలులో కిటికీలు మూసి, వర్క్‌షాపు వాళ్లను బతిమాలి కంప్రెసర్ ఆపించి జరిగింది. మొదటి రోజు ఒక్కరూ ఉన్నచోటు నుంచి లేవలేదు. దాన్నుంచే నేర్పడం మొదలుపెట్టాం. మీలో ఎవరికైనా అలాంటి ఊరు పడితే నేను చెప్పగలిగింది ఒక్కటే, వెళ్లిన మొదటి రోజు చేతి గడియారం పెట్టెలో పెట్టేయండి. దాన్ని అక్కడ మీకన్నా ముందు పిల్లలు చూస్తారు.

ఆ రోజు నేను కలం మూత తీసి, ఏడో గడిలో, ఆ వాక్యం పక్కన మిగిలిన కాస్త చోటులో పది వేశాను. చాచా టీ తెచ్చి, నా భుజం మీదుగా వంగి చూశాడు.

"సగటు ఎంతొచ్చింది సాబ్?"

"తీయలేదు చాచా" అన్నాను.